విజిటర్ కార్డు

20 మార్చి 2019, బుధవారం

పొద్దున గవర్నర్ గారు జెండా ఊపారట, సాయంత్రం నుంచి జనాన్ని ఎక్కనిచ్చారు. రికార్డులు పక్కన పడేసి నలుగురం అమీర్‌పేటలో మెట్రో ఎక్కి హైటెక్ సిటీలో దిగాం. అక్కడ మాకు పనేమీ లేదు. దిగడమే పని. ఇంతకాలం ఈ దారంటే 10హెచ్ బస్సు, ట్రాఫిక్కు, కండక్టర్ కేకలు. మధ్యలో కొన్ని స్టేషన్లు ఇంకా తెరవలేదని రైలు వాటి దగ్గర ఆగకుండా పోయింది. పైనుంచి చూస్తే జూబ్లీహిల్స్ మేడల వెనక వైపులు కనిపించాయి. ఆరేసిన బట్టలు, నీళ్ళు లేని ఈతకొలను, పనివాళ్ళ గదులు.

"ఇన్నేండ్ల సంది గంత పొడుగు గోడలు కట్టుకున్నరు. ఉత్తదే ఆయె గదనే" అంది సిద్దిపేట.

మా హాస్టల్లో ఊరి పేర్లే మనుషుల పేర్లు. సిద్దిపేట, తెనాలి, రాజాం, నేను కోదాడ. రిజిస్టర్ తెరిస్తే తప్ప వార్డెన్ ఆంటీకి కూడా అసలు పేర్లు తెలియవు.

స్టేషన్ మెట్లు దిగి సైబర్ టవర్స్ దాకా నడిచాం. 1998 నవంబర్ 22న వాజ్‌పేయి ప్రారంభించారు దాన్ని. నేను పుట్టిందీ ఆ ఏడాదే. కోఠీ హోల్‌సేల్‌కి మందుల కోసం వచ్చినప్పుడు నాన్న పనిగట్టుకుని వెళ్ళి చూసొచ్చాడట. "రాళ్ళ మధ్యలో గుండ్రటి మేడ. చుట్టూ ఏం లేదు. ఇంత దూరం పనికి ఎవరొస్తారులే అనుకున్నా" అంటాడు ఇప్పటికీ. ఇవాళ దాని ముందు నిలబడితే, ఆ చుట్టుపక్కల వాటిలో అదే పాతగా, కాస్త పొట్టిగా ఉంది. ఎవరూ తలెత్తి చూడటం లేదు. నా ఈడుదే కదా అని నేను కాసేపు చూశాను.

13 మే 2019, సోమవారం

రాత్రి ఉప్పల్లో ఐపీఎల్ ఫైనల్. ముంబై ఒక్క పరుగుతో గెలిచింది. తెనాలి ధోనీ పార్టీ, అన్నం ముట్టలేదు. ఆ బాధ మీదే అరకు ప్రయాణం ఖాయమైంది. పరీక్షలు రాయడం కన్నా ఇంట్లో ఒప్పించడమే కష్టం. విశాఖలో రాజాం వాళ్ళ మేనమామ ఉన్నాడని, రైల్వేలో చేస్తాడని, స్టేషన్‌కి ఆయనే వస్తాడని నాలుగు ఇళ్ళకీ ఒకే మాట చెప్పాం. అమ్మ ఆయన నంబర్ అడిగి తీసుకుని, ఆయనతో మాట్లాడాకే సరే అంది.

18 మే 2019, శనివారం, అరకు

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఎవరం నిద్రపోలేదు. తెల్లారి విశాఖలో దిగి, అదే స్టేషన్లో కిరండూల్ పాసింజరు ఎక్కాం. అద్దాల పెట్టెలో టిక్కెట్లు ఎప్పుడో అయిపోయాయి. మంచిదే అయింది, అద్దంలోంచి గాలి రాదు కదా. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలు. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టె మొత్తం కేకలు. కొంతసేపు సొరంగాలు లెక్కపెట్టాం, త్యాడ దగ్గర ముంతమసాలా వచ్చేసరికి లెక్క పోయింది.

మావయ్య నిజంగానే వెంట వచ్చాడు. ఈ లైను టూరిస్టుల కోసం వేసింది కాదని చెప్పాడు. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్‌కి పంపడానికి 1960ల్లో వేశారు. అందుకే ఖనిజం నింపుకొచ్చే గూడ్సులకి దారిచ్చి మన పాసింజరు ఓ పక్కన ఆగిపోతుంది. సిమిలిగూడలో బోర్డు చూపించాడు. సముద్రమట్టానికి 996 మీటర్లు. అంత ఎత్తున ఆగిన రైల్లో కూర్చుని, బరువైన గూడ్సు ఒకటి మా పక్క నుంచి కిందికి దిగిపోతుంటే చూశాం. మావయ్య టోపీ లేని తలకి చెయ్యి అడ్డం పెట్టుకుని పెట్టెలు లెక్కపెట్టాడు. అలవాటట.

బొర్రా గుహల్లో అన్నిటికన్నా చల్లదనం బాగుంది. గైడు చూపించిన ప్రతి రాయికీ ఒక దేవుడి పేరు ఉంది. మాకు కొన్ని కనిపించాయి, కొన్ని కనిపించకపోయినా తలూపాం. బయట బొంగులో చికెన్, అడ్డాకులో. తెనాలి దానికి కారం తక్కువంది. గుంటూరు జిల్లావాళ్ళకి ఏది పెట్టినా అదే మాట.

"నానెప్పుడూ ఇటు రానేదే. పుట్టిన కాడ్నుంచీ ఇక్కడే ఉండి, మీకోసం వచ్చేను" అంది రాజాం, సాయంత్రం వాన వెలిశాక. బుద్ధ పూర్ణిమ. కాటేజీ అరుగు మీద కూర్చుని ఎవరెక్కడ చేరతామో మాట్లాడుకున్నాం. సిద్దిపేటకి గ్రూప్స్ రాయాలనుంది, ఇంట్లో ఇంకా చెప్పలేదు. రాజాం అమెరికా. తెనాలి ఏ ఉద్యోగమైనా సరే, నెల తిరిగేసరికి జీతం పడితే చాలంది. నన్నెవరూ అడగలేదు. నేను నాన్న షాపు చూసుకుంటానని వాళ్ళకి గట్టి నమ్మకం.

3 జూన్ 2019, సోమవారం

ఇంటర్న్‌షిప్ మొదటి రోజు. రాయదుర్గం వైపు ఒక అద్దాల మేడ. ఏడో అంతస్తులో సగం మాత్రం ఈ కంపెనీది, మిగతా సగంలో ఇంకో నాలుగైదు కంపెనీలు. స్టైపెండ్ లేదు, సర్టిఫికెట్ ఇస్తారు. ఇంటర్న్‌లకి ఐడీ కార్డు ఉండదట. రోజూ పొద్దున కింద రిజిస్టర్లో పేరు, ఊరు, ఎవరిని కలవాలి, ఎందుకు అని రాసి విజిటర్ కార్డు మెడలో వేసుకోవాలి, సాయంత్రం తిరిగిచ్చెయ్యాలి. 'ఎందుకు' దగ్గర ఏం రాయాలో తెలియక 'పని' అని రాశాను. సెక్యూరిటీ అన్న ఒడిశా మనిషి. చూసి నవ్వాడు. ఆ కార్డుకి ఏ తలుపూ తెరుచుకోదు. బాత్రూమ్‌కి వెళ్తే, మళ్ళీ లోపలికి పోయేవాళ్ళెవరైనా వచ్చేదాకా కారిడార్లో నిలబడాలి.

పని మాత్రం ఇలాంటిదని ఊహించలేదు. ఇది ఆన్‌లైన్‌లో మందులమ్మే యాప్. జనం మందుల చీటీ ఫోటో తీసి పెడతారు. డాక్టర్ల రాత మెషిన్ చదవలేదు. అందుకని మేం ఇంటర్న్‌లం కూర్చుని ఒక్కో ఫోటో చూసి మందు పేరు, మోతాదు, ఎన్ని రోజులు అని టైపు చెయ్యాలి. అలా వేలకి వేలు చేస్తే మెషిన్ నేర్చుకుంటుంది. పక్క సీటు ఎన్‌ఐటీ అబ్బాయి ఒక చీటీలో టీడీఎస్ అని చూసి "ప్రిస్క్రిప్షన్‌లో ఇన్‌కమ్ టాక్స్ ఎందుకుంది?" అన్నాడు. రోజుకి మూడుసార్లు అని చెప్పాను. బీడీ అంటే రెండుసార్లు, ఓడీ అంటే ఒకసారి, హెచ్ఎస్ అంటే పడుకునే ముందు. మధ్యాహ్నానికల్లా నా కుర్చీ వెనక నలుగురు నిలబడి ఉన్నారు. ఐదో తరగతి నుంచి షాపు కౌంటర్ వెనక హోంవర్క్ చేసుకున్న పిల్లని, నాకిది చదువు కిందకే రాదు.

రాత్రి ఫోన్లో నాన్నకి చెప్పాలంటే గొంతు రాలేదు. పోయిన సెప్టెంబర్ 28న ఆన్‌లైన్ మందుల అమ్మకాలకి వ్యతిరేకంగా దేశమంతా కెమిస్టులు షాపులు మూశారు. నాన్న కూడా మూశాడు, పండగలకి కూడా మూయని మనిషి. "కంప్యూటర్ కంపెనీ" అని మాత్రం చెప్పాను. "ఏం చేస్తారు?" అన్నాడు. చెప్పాను. కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే నీకు ఈజీయే" అన్నాడు.

11 జూలై 2019, గురువారం

నిన్న వరల్డ్ కప్ సెమీఫైనల్లో ధోనీ రనౌట్. ఆఫీసులో ఇవాళ ఎవరికీ పని మీద మనసు లేదు. తెనాలి మెసేజ్ పెడితే ఒట్టి చుక్కలే.

రేపటితో నా పని ఆఖరు. ఈ వారం జరిగింది ఇక్కడ రాసి పెట్టుకోవాలి. మెషిన్ ఒకే తప్పు పదే పదే చేస్తోంది. ఒకేలా కనిపించే రెండు మందుల పేర్లలో ఏదో తేల్చుకోలేదు. మేమూ ఆ చీటీలు తేల్చలేక పక్కన పెడుతున్నాం. ఒకటి నాన్నకి చూపించాను, పేషంటు పేరు చెరిపేసి. ఒక్క చూపు చూసి చెప్పేశాడు. ఎలా అంటే, "చీటీ ఒక్కటే చదివితే ఎట్లా తెలుస్తదమ్మా? పైన ఆయన ఎముకల డాక్టర్ అని లేదా? ఆ మందు ఎముకలాయన ఎందుకు రాస్తాడు? ఇంకోటి, మనిషిని చూడాలి. ముసలాయన వచ్చాడా, పిల్లనెత్తుకుని వచ్చాడా." మనిషిని మేం చూడలేం. డాక్టర్‌ని చూడొచ్చు. ఆ మాట మా టీమ్ లీడ్‌కి చెప్పాను. ఆయన లేచి వైట్‌బోర్డ్ మీద 'డాక్టర్ స్పెషాలిటీ' అని రాసి చుట్టూ గీత గీశాడు. సాయంత్రం పెద్దాయనకి ప్రజెంటేషన్‌లో అది ఒక స్లైడ్ అయింది. బాగా మెచ్చుకున్నారట. స్లైడ్ మీద నాన్న పేరు లేదు, నా పేరూ లేదు. విజిటర్లం.

నాన్నతో చెబితే గట్టిగా నవ్వాడు. "ఫీజు ఎంత పంపిస్తారో కనుక్కో."

14 సెప్టెంబర్ 2019, శనివారం

అమీర్‌పేట. మైత్రీవనం సందుల్లో ఒక మేడకి ఎన్ని బోర్డులు పడతాయో అన్నీ ఉన్నాయి. జావా, పైథాన్, టెస్టింగ్, వాటి మధ్యలో 'ఐట్రిపుల్ఈ ప్రాజెక్టులు'. ఫైనలియర్ ప్రాజెక్టు ఇక్కడ రెడీమేడ్‌గా దొరుకుతుంది. డాక్యుమెంటేషన్, బైండింగ్, వైవాలో అడిగే ప్రశ్నలు, జవాబులు అన్నీ కలిపి ఒక రేటు. మా క్లాసులో చాలామంది కొన్నారు. నేను వాళ్ళని తప్పుపట్టను. నాలుగేళ్ళు రికార్డులు కాపీ చేయించిన చదువు ఎనిమిదో సెమిస్టర్‌లో హఠాత్తుగా సొంత ఆలోచన అడిగితే ఎక్కణ్ణుంచి వస్తుంది? మేం నలుగురం మాత్రం మందుల చీటీల మీద సొంతంగా చేద్దామనుకున్నాం. పట్టుదల కన్నా పిసినారితనమే అసలు కారణం.

29 నవంబర్ 2019, శుక్రవారం

మెట్రో ఇవాళ రాయదుర్గం దాకా వచ్చింది. యాభై రోజుల పైన సాగిన ఆర్టీసీ సమ్మె కూడా ముగిసి బస్సులు తిరుగుతున్నాయి. క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో నాకూ తెనాలికీ ఒకే కంపెనీలో వచ్చింది, మూడున్నర లక్షల లోపు. పదేళ్ళ కిందటి సీనియర్లకీ దాదాపు ఇంతే ఇచ్చారట. అప్పటికీ ఇప్పటికీ హాస్టల్ ఫీజు మాత్రం ఒకేలా లేదు.

ఇవన్నీ రాయాలని కూర్చున్నాను కానీ మనసు వాటి మీద లేదు. శంషాబాద్ టోల్‌ప్లాజా దగ్గర ఒక డాక్టరమ్మాయి మీద జరిగిన ఘోరం పొద్దుటి నుంచి టీవీలో వస్తోంది. మెస్‌లో ఎవరూ మాట్లాడటం లేదు. అమ్మ ఇప్పటికి నాలుగుసార్లు ఫోన్ చేసింది. వార్డెన్ ఆంటీ రాత్రి తొమ్మిది టైమింగ్‌ని ఎనిమిదికి మార్చి కాగితం అతికించింది. సిద్దిపేట ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడి, "మనల్నే లోపల బెట్టి తాళమేస్తరు" అంది. ఎవరం ఏమీ అనలేదు.

5 మార్చి 2020, గురువారం

నిన్న మైండ్‌స్పేస్‌లో ఒక బిల్డింగ్ ఖాళీ చేయించారు, ఎవరికో కరోనా అనుమానమని. లంచ్ టైమ్‌లో అంతమంది ఒక్కసారిగా రోడ్డు మీదికొచ్చారు. మెడలో కార్డులు, వీపున బ్యాగులు, చేతిలో డబ్బాలు. మా హాస్టల్లో ఉద్యోగం చేసే అక్క ఒకామె మానిటర్ కూడా మోసుకొచ్చింది. నాన్న ఫోన్ చేసి మాస్కులు స్టాక్ అయిపోయాయన్నాడు, రెండు రూపాయల మాస్కు ఇరవైకి అమ్మమని డిస్ట్రిబ్యూటర్ అంటున్నాడట. "నేను అట్లా అమ్మను, నాకు వద్దన్నాను" అన్నాడు. తర్వాత ఏం చేశాడో అడగలేదు.

26 మార్చి 2020, గురువారం, కోదాడ

నిన్న ఉగాది. కాలేజీలు 16 నుంచి మూసెయ్యడంతో నేను పది రోజుల ముందే ఇంటికొచ్చేశాను. తెనాలి రాలేదు, మెస్ డబ్బులు నెలాఖరు దాకా కట్టేసిందని. లాక్‌డౌన్ అనగానే మాదాపూర్, అమీర్‌పేట వైపు చాలా హాస్టళ్ళు ఖాళీ చెయ్యమన్నాయి. పిల్లలంతా పోలీస్‌స్టేషన్ల ముందు బారులు తీరి పాస్‌లు తెచ్చుకున్నారు. తెనాలి ఇంకో ముగ్గురితో కలిసి కారు మాట్లాడుకుని బయల్దేరింది. సూర్యాపేట దాటానని మెసేజ్ పెట్టింది. తర్వాత సాయంత్రం ఫోన్.

"గరికపాడులో ఆపేశారే. పాస్ ఉన్నా పంపట్లేదు. ముందు ఎన్ని బళ్ళున్నాయో కనపట్టంలేదు. వెనక్కీ పోలేం, హాస్టల్ తాళం పడింది."

మా ఇంటికి పదిహేను కిలోమీటర్ల లోపే చెక్‌పోస్ట్. అమ్మ ఏమీ అడగలేదు, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టేసింది. పండగ పులిహోర మిగిలింది ఉంది, అది చాలదని ఇంకోసారి కలిపింది. ఉగాది పచ్చడి కూడా గ్లాసులో పోసి మూత కట్టింది. "ఏడాది మొదటి రోజు రోడ్డు మీద పడ్డ పిల్లలు, చేదైనా తినాలి" అంది. మందుల షాపు కాబట్టి నాన్నకి తిరగడానికి అనుమతి ఉంది. నన్ను రానివ్వలేదు. స్కూటీ మీద మందుల అట్టపెట్టె, లోపల పులిహోర, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, మాస్కులు, ఆడపిల్లలున్నారని ప్యాడ్లు కూడా పెట్టుకున్నాడు. అవి పెట్టమని ఎవరూ చెప్పలేదు.

రాత్రి పదకొండు దాటాక వచ్చాడు. రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర పోలీసులు ఆపితే, ఓఆర్‌ఎస్ చూపించి కొంతదూరం వెళ్ళాడు. అక్కణ్ణుంచి నడక. ఆగిన కార్ల మధ్య, బైకుల మధ్య "తెనాలీ, తెనాలీ" అని అరుచుకుంటూ పోయాడట. అసలు పేరు నేను చెప్పడం మర్చిపోయాను, ఆయన అడగడమూ మర్చిపోయాడు. తెనాలి వాళ్ళు చాలామందే పలికారు. అందరికీ తలో ముద్ద పెట్టి వచ్చాడు. మా తెనాలి చివరికి దొరికింది, పచ్చడి మొత్తం తాగేసిందట.

ఇవాళ మధ్యాహ్నం దాన్ని క్వారంటైన్‌కి పంపుతున్నామన్నారట. పద్నాలుగు రోజులు.

17 మే 2020, ఆదివారం

ప్రాజెక్టు వైవా ఫోన్లో అయింది. మా మెషిన్ ముప్పై చీటీలు సరిగ్గా చదివి, ముప్పై ఒకటో దానికి దగ్గు మందు బదులు పశువుల మందు చెప్పింది. ఎక్స్‌టర్నల్ సార్ మైక్ ఆపేసి నవ్వారు, కెమెరా ఆపడం మర్చిపోయారు. పోయిన ఏడాది ఈపాటికి అరకు. ఈసారి వేసవికి మేడ మీద నీళ్ళు చల్లుకుని పడుకుంటున్నాం.

25 సెప్టెంబర్ 2020, శుక్రవారం, కూకట్‌పల్లి

ఫైనలియర్ పరీక్షలు జరగాల్సిందేనని పోయిన నెల సుప్రీంకోర్టు చెప్పేసింది. చిన్నమ్మ వాళ్ళింట్లో దిగాను. ఇవాళ పరీక్ష లేదు. మధ్యాహ్నం బాలు గారు పోయారని వచ్చింది. చిన్నమ్మ స్టవ్ కట్టేసి టీవీ ముందు కూర్చుంది, బాబాయి వచ్చి పక్కన కూర్చున్నాడు, పక్క ఫ్లాట్ వాళ్ళు కూడా తలుపు తీసే ఉంచారు. ఏ చానల్ పెట్టినా ఆ గొంతే. సాయంత్రం దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి ప్రారంభోత్సవం దీపాలు కింద స్క్రోలింగ్‌లో కాసేపు కనిపించి పోయాయి. పుస్తకం తెరిచాను కానీ ఒక్క పేజీ కూడా తిరగలేదు.

4 అక్టోబర్ 2020, ఆదివారం

పరీక్షలైపోయాయి. నాలుగేళ్ళ చదువు ముగిసిన రోజున కాలేజీ గేటు దగ్గర టెంపరేచర్ చూసి పంపేశారు. గ్రాడ్యుయేషన్ డే లేదు, నల్ల గౌను లేదు, ఫేర్‌వెల్‌కి కొనుక్కున్న చీర మడత విప్పలేదు. దాని కోసం దిగులు పడాలా అంటే, ఏమో. సిద్దిపేట ఆ చీరే కట్టుకుని బ్రిడ్జి దగ్గరికొచ్చింది. "నాది నేనే చేసుకుంట గ్రాడ్యుయేషన్."

వారాంతాల్లో బ్రిడ్జి మీదికి బళ్ళు రానివ్వడం లేదు, మనుషులనే వదులుతున్నారు. తెనాలి ఎవరిదో కారులో వచ్చింది, రెండు రాష్ట్రాల మధ్య బస్సులు ఇంకా లేవు. రాజాం రాలేకపోయింది, వీడియో కాల్‌లో ఫోన్‌ని అందరం చేతులు మార్చుకున్నాం. "ఏటే ఆ దీపాలు, పెళ్ళి పందిరిలాగ?" అంటోంది. కిందున్న ఈ చెరువు ఒకప్పుడు గోల్కొండ కోటకి నీళ్ళిచ్చిందని నేను చెప్పబోతే, "కోదాడ మళ్ళీ మొదలెట్టింది" అన్నారు. చెప్పే తీరాను. మాస్కులు గడ్డం కిందికి లాగి ఫోటోలు దిగాం, విజిల్ వేసుకుంటూ కానిస్టేబుల్ వచ్చేదాకా. తెనాలి ఒక ఉత్త అట్టపెట్టె ఇచ్చింది. మా నాన్న ఆ రాత్రి ఇచ్చిన ఓఆర్‌ఎస్ పెట్టె. అందులో వాళ్ళమ్మ చేసిన జున్ను ఉంటుందనుకున్నాను, గోంగూర పచ్చడి ఉంది.

2 నవంబర్ 2020, సోమవారం, కోదాడ

ఇవాళ్టి నుంచి ఆంధ్రా బస్సులు మళ్ళీ మొదలయ్యాయి. బస్టాండులో విజయవాడ బోర్డు చూసి జనం పరిగెత్తారట.

నాకు జాయినింగ్ మెయిల్ వచ్చింది, లాప్‌టాప్ కొరియర్‌లో వచ్చింది. ఆఫీసు గచ్చిబౌలి, పని మా మేడ మీది గదిలో. మేనేజర్ గారు ఒంగోలులో వాళ్ళింటి నుంచి మాట్లాడారు, వెనక కుక్కర్ మూడు కూతలేసింది. నెట్ కోసం కేబుల్ అబ్బాయి వచ్చి వైరు లాగాడు. ఇన్వర్టర్ కొనాలి. కాలేజీ వాళ్ళు ప్రొవిజనల్ తీసుకెళ్ళమన్నారు, దానికి నో డ్యూస్ మీద లైబ్రరీ సంతకం కావాలి, లైబ్రరీ మూసి ఉంది.

షాపులో గిరాకీ మారింది. చీటీ పట్టుకుని వచ్చేవాళ్ళు తగ్గి, వాట్సాప్‌లో ఫోటో పెట్టేవాళ్ళు ఎక్కువయ్యారు. నాన్న కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి ఫోన్ దగ్గరగా పెట్టుకుని చదువుతాడు, కుర్రాడితో మందులు ఇంటికి పంపిస్తాడు. రాత్రి భోజనాల దగ్గర, స్టాక్ రిజిస్టర్ మొత్తం ఎక్సెల్‌లో ఎక్కించి పెట్టమని అడిగాడు. జీతం ఎంతిస్తావన్నాను.

"స్టైపెండ్ లేదు. సర్టిఫికెట్ ఇస్తా" అన్నాడు.